నీలం పోయిన రాయి

నవ్వించేవాడికి ఎదురుగా ఒక జత చెవులైనా ఉండాలి. ఆదోనిలో నేను చేసిన కొలువులో అవి కరువు. ఖాళీ పత్తి గోదాములో ఒక చీకటి గది, గదిలో ఒక దీపం, దీపం ముందు ఉద్దిపప్పు గింజంత రాయి, ఆ రాయికి కాపలా నేను. పొద్దున తలుపు మూసుకుంటే మిల్లు సైరన్ కూసే సాయంత్రం దాకా మనిషి మొహం కనిపించదు. జోకు గుర్తొస్తే నేనే వేసుకుని, నేనే విని, బాగాలేదని నేనే పెదవి విరిచేవాణ్ణి.

అంతకుముందు ఎమ్మిగనూరులో నేతగాణ్ణి. బడిలో ఐదో తరగతి దాకా వెళ్ళాను. అది నన్ను వదల్లేదో, నేను దాన్ని వదల్లేదో, రెండేళ్ళు ఒకరినొకరం చూసుకున్నాక మా నాయన వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి మగ్గం గుంతలో దించాడు. ఆ గుంతలోనే మీసాలు వచ్చాయి, పెళ్ళయింది. మగ్గం ఒక్కడి పని కాదు. నేను పంచె నేస్తుంటే ఎదురుగా రాట్నం దగ్గర కూర్చుని నా భార్య నూలును కండెలుగా చుట్టేది. నేను కాసేపు నోరు మూస్తే చాలు, "ఏమయ్యా, నూలు అయిపోయిందా, మాటలు అయిపోయినాయా" అనేది. నూలైనా అయిపోయేది గానీ మాటలు అయ్యేవి కావు.

నిలువుగా ఉండే పడుగులో ఒక పోగు తెగి, నేను చూసుకోకుండా నేసుకుపోతే, బట్ట పొడవునా వెంట్రుకంత ఖాళీ గీత పడుతుంది. మేము దాన్ని జాడ అనేవాళ్ళం. నేను నవ్వుతూ మాట్లాడుతూ నేసేవాణ్ణి కాబట్టి నా పంచెల్లో జాడలకు కొదవ లేదు. ఆమె తిట్టుకుంటూనే సూదికి అదే నూలు ఎక్కించి, ఆ ఖాళీ వెంబడి అడ్డంగా ఉన్న ఒక్కొక్క పేకనూ దాటిస్తూ పోగు పూడ్చేది. తర్వాత వేలు గంజిలో ముంచి దాని మీద రుద్దేది. మర్నాడు నేతగాళ్ళ సొసైటీలో బట్టలు చూసే పెద్దమనిషి పంచెను తలుపు దగ్గర వెలుతురుకు ఎత్తిపట్టి, ఈ కొసనుంచి ఆ కొసదాకా కళ్ళు చికిలించి వెదికేవాడు. ఏమీ దొరక్క, దొరకలేదన్న కోపంతో ముద్ర వేసేవాడు.

విషజ్వరం వచ్చి ఆమె వారంలో పోయింది.

తర్వాత కొన్నాళ్ళు నేనే రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టుకుని, లేచి వచ్చి గుంతలో దిగి నేసి, కండె అయిపోతే మళ్ళీ లేచి అక్కడికి వెళ్ళేవాణ్ణి. రెండు చోట్లా కూర్చునేది నేనే కాబట్టి ఎక్కడ కూర్చున్నా ఎదురుగా ఖాళీ చోటే కనిపించేది. పంచెలు వెనక్కి రావడం మొదలైంది. "జాడ పడిందప్పా, సరిజేసి తీసుకురా" అని సొసైటీ పెద్దమనిషి బట్టను నా చేతిలో పెట్టేవాడు. సూది పట్టి చూశాను. నా చేతికి అది రాలేదు. అందుకని ఆదోని బస్సెక్కాను.

ఆదోనిలో పత్తి బజారు పక్కన ఒక టీ కొట్టు ఉండేది. కొట్టు భాయ్‌తో నాకు మొదటి గంటలోనే స్నేహం కుదిరింది, ఎందుకంటే ఆయన ఎవరి మాటకూ నవ్వడు, నేను ఎవరు నవ్వకపోయినా ఆపను. ఆయనే చెప్పాడు.

"ఒక సైన్సు సారు ఉండాడు. ఖాళీ గోదాములో దీపం ఎలిగించుకుని కూసుంటాడు. కండ్లు బాగుండే మనిషి కావాలంట, కదలకుండా కూసునే మనిషి కావాలంట."

"కండ్లు ఉండాయి భాయ్. కదలకుండా ఉండేదే రాదు."

"నోరు కదిలినా ఫర్వాలేదేమో, పోయి అడుగు."

సారుది ఆ ఊరే. బెంగుళూరులో పరిశోధన చేస్తూ ఉండగా ఛాతీ జబ్బు చేసి, పొడిగాలి మంచిదని డాక్టర్లు చెబితే తిరిగొచ్చిన మనిషి. ఛాతీ జబ్బు ఉన్నవాడు పొడిగాలి కోసం వచ్చి పత్తి గోదాములో దూరడమేమిటని అడగకండి. నేను అడిగాను, జవాబు రాలేదు. నలభై దాటినా పెళ్ళి లేదు. నూనె అంగడి మీద మేడగదిలో ఒక్కడే ఉండేవాడు. నవ్వడు. భాయ్ కూడా నవ్వడు గానీ భాయ్‌ది పంతం. సారు నవ్వడం మరిచిపోయిన మనిషిలా ఉండేవాడు.

"ఏం చదివినావు?" అన్నాడు.

"ఐదు సారూ. రెండుసార్లు."

ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. ఫిల్ము బదులు వాడే గాజుపలక, ఫోటో అద్దం అంటారు, ఒకటి తెచ్చి కిటికీ వెలుతురుకు పట్టాడు. బూడిద రంగు మసకలో నిలువుగా నల్ల గీతలున్నాయి.

"ఎన్ని గీతలు?"

"తొమ్మిది."

"ఎనిమిది. సరిగా సూడు."

"తొమ్మిదే సారూ. కుడిపక్కన బో లేతగా ఇంకోటి ఉంది. జాడ పడినట్టు."

ఆయన భూతద్దం తెచ్చుకుని ఆ చోటు చాలాసేపు చూశాడు. అద్దం అంచున ఆ గీతకు ఎదురుగా సిరాతో గుర్తు పెట్టుకున్నాడు. "రేపట్నుంచి రా" అన్నాడు. ఈ మనిషిని ఎప్పటికైనా నవ్వించాలని ఆ రోజే నాలో నేను పందెం వేసుకున్నాను.

పని ఇది. పాదరసం ఆవిరితో వెలిగే దీపం ఒకటి. దాని వెలుతురు రాయిలోకి పోతుంది. పోయిన వెలుతురు పోయిన రంగులోనే చాలావరకు బయటికి వస్తుంది. అందులో పిసరంత మాత్రం లోపలి అణువుల అదురుకు తగిలి రంగు కాస్త మార్చుకుని వస్తుంది. దాన్నే రామన్ ఎఫెక్టు అంటారని సారు చెప్పాడు. ఆ పిసరును పట్టకాల గుండా పంపి ఫోటో అద్దం మీద పడేలా చేస్తే, రోజుల తరబడి పడీపడీ ఒక గీత అవుతుంది. పన్నెండు పగళ్ళు పట్టేది ఒక్క ఫోటోకు. అన్నాళ్ళూ గది వేడి మారకూడదు. మారితే గీత పక్కకు జరుగుతుంది. కాబట్టి కిటికీలకు కట్టిన గోనెపట్టలు తడుపుతూ ఉండాలి, దీపం చుట్టూ నీళ్ళు పారుతూ ఉండాలి, గోడనున్న వేడి కొలిచే గొట్టాన్ని చూస్తూ ఉండాలి. రోడ్డు మీద పత్తి బోరాలు, అంటే పెద్ద బస్తాలు, మోసే బండ్లు పోతే నేల అదరకుండా ఇసుక పరుపు మీద బండరాయి వేసి, ఆ బండ మీద సామానంతా పెట్టాడు. సారు పక్క గదిలో రాసుకుంటూ ఉండేవాడు. నా మాటలతో గాలి వేడెక్కుతుందని, అవసరమైతేనే తలుపు తట్టమనేవాడు.

ఆ దీపం వెలుతురు ఎట్లాంటిదంటే, అందులో ఎరుపు అనేదే ఉండదు. నా చెయ్యి నాకే పచ్చగా, గోళ్ళు నల్లగా కనిపించేవి. మొదటిరోజు నా చెయ్యి చూసుకుని, చచ్చిపోయాననుకుని, ఇంటికి ఎవరికి కబురు పెట్టాలా అని ఆలోచించాను. కబురు పెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరని తర్వాత గుర్తొచ్చింది. మంచి జోకు ఒకటి అట్లా పాడైంది.

ఇక రాయి. దాని పేరు స్ట్రాన్షియం టైటనేట్. ఆ పేరు నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. పెరోవ్‌స్కైట్లనే కులానికి చెందిందట. రాళ్ళలో కూడా కులాలున్నాయా సారూ అంటే, ఆయన రాసుకుంటూ తల ఊపాడు. భూమిలో దొరికింది కాదు, విదేశంలో మంటలో కరిగించి పెంచింది. అక్కడున్న స్నేహితుడు పోస్టులో పంపాడు. ఉన్నది ఒక్కటే. తెల్ల పంచెకు నీలిమందు ఒక చుక్క ఎక్కువైతే వచ్చే రంగు దానిది.

"ఈ నీలం యాడిది సారూ?"

"లోపల ఆక్సిజన్ పరమాణువులు కొన్ని ఉండాల్సిన చోట లేవు. ఆ లోపానికి వచ్చిన రంగు."

"అంటే పోగులు జారినాయి."

"అట్లే అనుకో."

"మనం ఇన్ని దినాలు కూసుని సూసేది ఆ లోపాన్నేనా?"

"దాన్నే."

నా చదువు అక్కడితో ఆగింది. మా వృత్తిలో లోపం వెదికేది దాన్ని పూడ్చడానికే. ఇంకో కారణం ఉండొచ్చని నాకు తట్టలేదు.

నేను చేరిన కొత్తలోనే ఒకటి చూశాను. ఆ రాయి మూల నుంచి రాలిన రవ్వను సారు చిన్న కరెంటు కొలిమిలో పెట్టి, పగిలిపోకుండా పగలంతా మెల్లమెల్లగా వేడి పెంచి, దానంతట అది చల్లారేదాకా వదిలేశాడు. మర్నాడు తీసి చూస్తే నీలం లేదు. మంచినీళ్ళ బొట్టులా ఉంది. "గాలిలోని ఆక్సిజన్ లోపలికి పోయి ఖాళీలు నిండినాయి" అన్నాడు. ఆ రవ్వను కాగితంలో మడిచి, పెద్దరాయి వైపు చూస్తూ చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అప్పుడు నాకు తెలీదు.

నేను చేరాక తీసిన ఫోటోలోనూ ఆ లేత గీత వచ్చింది. సారు రెండు అద్దాలకూ నకళ్ళు తీసి బెంగుళూరులో తన పరిశోధన చూసే పెద్దాయనకు పంపాడు. జవాబు రావడానికి నెల పట్టింది. ఆ కాగితం ఆయన నాకు తెలుగులో చదివి వినిపించాడు. వినిపించడానికి ఇంకెవరున్నారు గనక.

ఎనిమిది గీతలూ దీపానివే. తొమ్మిదోది కూడా దీపానిదో, నీ పట్టకాలదో ఎందుకు కాకూడదు? రాయి లోపం వల్లనే వచ్చిందని ఈ నకళ్ళు చూసి నమ్మలేను. ఉగాదిలోగా నన్ను నమ్మించే ఫోటో పంపితే ఇక్కడ బెంగుళూరులో నీ చోటు నీకుంటుంది. లేదంటే ఇంకొకరికి ఇవ్వక తప్పదు. ఇదీ సారాంశం.

"బట్ట ఎనక్కి వచ్చింది" అన్నాను.

"అట్లాంటిదే" అన్నాడు సారు. "ఈసారి ఇరవై దినాలు పెడదాం. గీత చిక్కగా వస్తే నమ్ముతాడేమో." నమ్ముతాడన్న నమ్మకం ఆయన గొంతులోనే లేదు.

మర్నాడు ఆయన ఛాతీ ఫోటో తీయించుకోవడానికి బళ్ళారి వెళ్ళాడు. మూడు రోజుల్లో వస్తానన్నాడు. గది శుభ్రం చేసి పెట్టమన్నాడు.

నేను గది శుభ్రం చేశాను. రాయినీ శుభ్రం చేశాను.

పెద్దాయన నమ్మి, సారు బెంగుళూరు వెళ్ళిపోతే నా గతి ఏమిటని నేను ఆలోచించలేదంటే అబద్ధం. ఆలోచించాను. కానీ పోగు పూడ్చే చెయ్యి లేక వెనక్కొచ్చిన బట్టలు నా ఇంట్లో ఒక మూలన మడిచి ఉన్నాయి. పాపం, సారుకూ ఆ చెయ్యి లేదు. నాకు సూది పని రాదు గానీ కొలిమి పని చూసి నేర్చుకున్నాను. రవ్వను ఆయన ఎట్లా కాల్చాడో అట్లాగే పొద్దున్నుంచి మెల్లగా వేడి పెంచి, పక్కనే కూర్చుని, చల్లారేదాకా మూత తెరవలేదు. మర్నాడు పటకారుతో తీసి అరచేతిలో పెట్టుకుంటే రాయి ఉందో లేదో తెలీనంత తేటగా ఉంది. ఇది చూసి సారు నవ్వకపోతే ఇక దేనికీ నవ్వడనుకున్నాను.

సారు బస్సు దిగి నేరుగా గోదాముకే వచ్చాడు. రాయిని దాని చోట పెట్టి ఉంచాను.

"రాయి యాడ?"

"అదే సారూ."

"ఇది కాదు."

"అదే సారూ. బాగుజేసినా. ఈసారి ఎనక్కి రాదు."

ఆయన గోనెసంచి మీద కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కన్నా, నిలబడటం ఆగిపోయిందనాలి. కోపం వస్తే బాగుండేది. తిట్టేవాళ్ళతో నేను ఎట్లాగైనా నెగ్గుకొస్తాను.

"ఎవురు సెప్పినారప్పా నీకు?"

"ఎవురూ సెప్పలేదు. లోపం ఉందంటిరి కదా."

ఆయన రాయిని పటకారుతో ఎత్తి చూసి, మళ్ళీ దాని చోట పెట్టాడు. గొంతు పెంచలేదు. "నీ బట్టలో అన్ని పోగులూ సరిగా ఉంటే ఈ పక్క లాగుడూ ఆ పక్క లాగుడూ సమానం. అట్లాంటి రాయి ఆ సన్న గీత గీయదు. యాడో ఒక పోగు పోతేనే ఆ సమానం చెడి గీత వస్తాదని నా అనుమానం. నేను నిరూపించాల్సింది ఆ పోయిన పోగునే. నువ్వు దాన్ని పూడ్చి పెట్టినావు. ఇంక నేను గీత యాడ్నుంచి తేవాల?"

కొలిమిలో నీలం ఏమన్నా మిగిలిందేమోనని నేను మూత తీసి చూశాను.

తర్వాత రెండు రోజులు ఆయన రాలేదు. నేను మాత్రం వేళకు వెళ్ళి తలుపు మూసుకుని కూర్చున్నాను. దీపం వెలిగించలేదు. దీపం హోరు లేకపోతే ఆ గది ఎంత నిశ్శబ్దమో అప్పుడే తెలిసింది. తడపాల్సిన గోనెపట్టలు తడిపాను. ఎవరి కోసమో తెలీదు. ఎమ్మిగనూరులో రాట్నం ఆగిపోయిన రోజుల్లో కూడా నేను ఇట్లాగే వేళకు వెళ్ళి గుంతలో దిగి కూర్చునేవాణ్ణి.

మూడో రోజు టీ కొట్టులో భాయ్ నా ముందు గ్లాసు పెట్టి, "ఏమప్పా, రెండు దినాలనుంచి నా బుర్ర తినలేదు. జబ్బా?" అన్నాడు. జరిగింది చెప్పాను.

"తప్పు నీదైతే పోయి తలుపు కొట్టు. ఈడ మూతి ముడుసుకుని నా టీ సల్లార్సొద్దు."

నూనె అంగడి మెట్లెక్కి తలుపు తట్టాను. సారు తలుపు తీశాడు. మంచం మీద రెండు ఫోటో అద్దాలూ పరిచి ఉన్నాయి.

"సారూ, ఊరికే కూసుంటే దీపానికి తుప్పు పడతాది. ఒక ఫోటో తీద్దాం."

"ఏముంటాదని తీయాల?"

"ఏముండదో సూద్దాం సారూ."

అలవాటు కొద్దీ అన్న మాట అది. నోట్లోంచి జారిపోయాక నాలుక కరుచుకున్నాను. కానీ ఆయనకు కోపం రాలేదు. వెనక్కి తిరిగి మంచం మీది అద్దాలను చూశాడు. "రవ్వను కాల్చిన దినం నుంచి నాకు ఆ ఆలోచన ఉంది" అన్నాడు మెల్లగా. "పెద్దరాయిని కాల్చి చూడాలని. నాకు ధైర్యం చాల్లేదు. కాల్చినాక కూడా ఆ గీత అట్లే ఉంటే, అది దీపానిదే అని తేలిపోతాది. ఇన్ని సంవత్సరాలూ నేను దీపాన్ని చూస్తా కూసున్నట్టు."

మర్నాడు దీపం వెలిగించాం. అదే దీపం, అవే పట్టకాలు, అదే రాయి, అన్నే పగళ్ళు. ఈసారి సారు పక్క గదికి పోలేదు. నా పక్కనే గోనెసంచి మీద కూర్చున్నాడు. గాలి వేడెక్కుతుందని ఇద్దరం మాట్లాడలేదు. అయినా పన్నెండు రోజులూ ఒంటరిగా అనిపించలేదు. ఆ దీపం వెలుతురులో ఆయన మొహమూ నా చెయ్యి రంగే.

ఫోటో కడిగి, ఆరబెట్టి, కిటికీ దగ్గరికి తెచ్చాడు. తాను చూడలేదు. నా చేతికిచ్చాడు.

"ఎన్ని?"

"ఎనిమిది సారూ."

"కుడిపక్కన సూడు."

సూది పట్టిన నా భార్యలాగా చూశాను. సొసైటీ పెద్దమనిషిలాగా చూశాను. మిగతా ఎనిమిదీ ఉన్న చోటే ఉన్నాయి, అంతే నల్లగా. తొమ్మిదోది ఉండాల్సిన చోట ఒట్టి మసక.

"లేదు సారూ."

"మళ్ళీ సూడు."

"లేదంటే లేదు సారూ. కావాలంటే పెన్సిలుతో గీసిస్తా, పెద్దాయనకు పంపుదాం."

అప్పుడు నవ్వాడు. ముందు గొంతులో ఏదో అడ్డం పడినట్టు, తర్వాత దగ్గు, దగ్గులోంచి నవ్వు, నవ్వు మీద మళ్ళీ దగ్గు. గోడ పట్టుకుని నవ్వాడు. నీలంతో పాటే గీత కూడా పోయిందంటే, ఆ గీత దీపానిది కాదు, లోపానిదే. ఇంక పెద్దాయనకు అనుమానించడానికేమీ మిగల్లేదు. పందెం నేను గెలిచాను. గెలిచిన మరుక్షణమే అర్థమైంది, ఇంక ఈయన ఈ ఊళ్ళో ఉండడని.

ఉగాదికి ముందే పెద్దాయన దగ్గర్నుంచి రమ్మని ఉత్తరం వచ్చింది. సామానంతా గడ్డి పరిచిన పెట్టెల్లో సర్దాం. రాయిని దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి ఆయన జేబులో వేసుకున్నాడు. ఆదోని స్టేషనులో బండి వచ్చేముందు, "నాతో వస్తావా?" అన్నాడు. పట్టాల వైపు చూస్తూ అన్నాడు.

"ఆడ నా మాటలకు ఎవురు నవ్వుతారు సారూ."

"ఈడ ఎవురు నవ్వినారు?"

నిజమే. అయినా నేను నవ్వి ఊరుకున్నాను. ఎందుకు వెళ్ళలేదని ఆ తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఆయన రెండోసారి అడుగుతాడనుకున్నాను, అంతే. బండి ఎక్కువసేపు ఆగలేదు.

గోదాములోకి పత్తి బోరాలు వచ్చేదాకా నేను వేళకు అక్కడికి వెళ్ళేవాణ్ణి. బోరాలు వచ్చాక కూర్చునే చోటు లేదు. ఎమ్మిగనూరు వచ్చేసి, మగ్గం దుమ్ము దులిపి, మళ్ళీ రెండు చోట్లా నేనే కూర్చోవడం మొదలుపెట్టాను. నిదానంగా నేస్తే జాడలు తక్కువ పడతాయని తెలుసుకున్నాను. మాట్లాడేందుకు ఎవరూ లేకపోతే ఎవరైనా నిదానంగానే నేస్తారు.

ఏడాది తర్వాత సారు దగ్గర్నుంచి పోస్టులో ఒక పలచటి పుస్తకం వచ్చింది. అంతా ఇంగ్లీషు. పోస్టాఫీసులో గుమాస్తాను బతిమాలితే వేలు పెట్టి చదివి తెలుగులో చెప్పాడు. రాయి సంగతి ఉంది, దీపం సంగతి ఉంది, రాయిని గాలిలో కాల్చారని ఉంది.

"ఎవురు కాల్చినారో రాసినారా అన్నా?"

ఆయన ఆ పేజీ మళ్ళీ చదివాడు. "లేదప్పా. అట్లాంటివి రాయరు. ఎందుకు, నీకు తెలిసినోళ్ళా?"

"తెలిసినోడే" అన్నాను.

ఇంటికి తెచ్చి, ఆమె కండెల బుట్ట పెట్టే గూట్లో ఆ పుస్తకం పెట్టాను. కండె అయిపోయి రాట్నం దగ్గరికి లేచి వెళ్ళినప్పుడు ఒక్కోసారి తీసి చూస్తాను. చదవలేను. మధ్య పేజీలో రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో కుడిపక్కన లేత గీత ఉంది, అది సారుది. గీత లేని బొమ్మ నాది.